తూము దగ్గరి మడుల్లో నాచు ఎందుకు చస్తోంది?

ప్రశ్న: వరి నాటిన వారానికి, పైరుకు నత్రజని అందాలని ఎకరాకు 4 కిలోల నీలి ఆకుపచ్చ నాచు కల్చర్ (నాచు విత్తనం లాంటి పొడి) చల్లుతున్నాను. తూము దగ్గరి మడుల్లో నాచు పసుపు తిరిగి చస్తోంది, కింది మడుల్లో బాగుంది. కాలువలో లోహపు పూత వేసే పరిశ్రమ నీరు కలుస్తోంది. అదేనా కారణం?

జవాబు: తూము దగ్గర చచ్చి కింద బతుకుతోందంటే నీటిని అనుమానించాల్సిందే. నీటితో వచ్చే లోహాల్లో చాలా భాగం బురదను అంటుకుని మొదటి మడిలోనే దిగిపోతుంది. పూత పరిశ్రమల నీటిలో రాగి, నికెల్, జింకు, క్రోమియం, ఒక్కోసారి కాడ్మియం ఉంటాయి. నాచుకు రాగి మరీ చేటు. నీటిలో నాచును చంపడానికి వాడే మైలుతుత్తం రాగి లవణమే. అందుకే ఆ మడుల్లో కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి ఉన్న తెగుళ్ల మందు) కొట్టారేమో ముందు గుర్తుచేసుకోండి.

నాచు దారాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, పచ్చని కణాల మధ్య అక్కడక్కడ మందపు గోడతో పాలిపోయిన కణం కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టేది అదే. లోహం అక్కడి ఎంజైమును దెబ్బతీస్తే, నాచు పచ్చగా ఉన్నా నత్రజని అందదు. బాగా పెరిగిన నాచు ఎకరాకు 8–12 కిలోల నత్రజని ఇస్తుంది. ఆ లెక్కతో తూము మడుల్లో యూరియా తగ్గించకండి.

మళ్లీ కల్చర్ కొనేముందు మూడు ప్లాస్టిక్ టబ్బులతో తేల్చుకోండి. మొదటిదాంట్లో మంచి మట్టి, మంచి నీరు. రెండోదాంట్లో మంచి మట్టి, కాలువ నీరు. మూడోదాంట్లో తూము మట్టి, మంచి నీరు. ఒక్కోదాంట్లో 2 కిలోల మట్టి, 10 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేసి, 5 సెం.మీ. నీరు నిలపండి. సూపర్ అంతకు మించొద్దు, భాస్వరం కొన్ని లోహాలను బంధించి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. నీరు తేరాక తలా రెండు చెంచాల కల్చర్ చల్లి, కదపకుండా ఎండలో ఉంచండి. 10 రోజులకు మొదటి టబ్బులో మీగడలా నాచు కట్టాలి. అక్కడే కట్టలేదంటే కల్చరే పాడైంది. రెండోది పోతే నీటిలో, మూడోది పోతే మట్టిలో లోపం.

మట్టిలో లోపమైతే పీహెచ్ (మట్టి పులుపు, క్షారం తెలిపే అంకె) కూడా చూడాలి. 6 కంటే తగ్గితే నాచు ఎదగదు, లోహాలూ ఎక్కువ కరుగుతాయి. పరీక్షకు 15 సెం.మీ. లోతు మట్టిని చెక్క లేదా ప్లాస్టిక్ పరికరంతో తీయండి. జింకు పూత బకెట్‌లో వేస్తే లెక్క తప్పుతుంది.

ముందు ఆ పరిశ్రమ నీరు మడుల్లోకి రాకుండా ఆపాలి. తర్వాత పరీక్ష చెప్పిన మోతాదులో సున్నం, ఎకరాకు 4–5 టన్నుల మాగిన పశువుల ఎరువు వేయండి. ఇవి లోహాన్ని కట్టిపడేస్తాయే తప్ప తొలగించవు. నాచు జిగురు లోహాలను పట్టుకుంటుంది కాబట్టి ఆ మడుల తెట్టును కల్చర్‌గా వాడొద్దు, అక్కడ నీటిపై తేలే అజొల్లా మొక్కను పశువులకు వేయొద్దు. ధాన్యాన్నీ పరీక్షించాకే తినండి. పాలిష్ బియ్యంలో కాడ్మియానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పరిమితి కిలోకు 0.4 మి.గ్రా.