స్విచాన్ తర్వాత మొదటి ఏడాది

అమ్మాయీ,

బాబు చెవిలో పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్‌కి వచ్చే వారం స్విచాన్, అంటే దాన్ని మొదటిసారి ఆన్ చేస్తారని విని చాలా సంతోషించాను. ఆపరేషన్ గాయం మానేదాకా ఆగే ఈ రోజుల్లో ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. ప్రాసెసర్, అదే శబ్దాన్ని పట్టి లోపలి ఇంప్లాంట్‌కి పంపే బయటి మెషీన్, ఆన్ చేయగానే వాడు నీ గొంతు విని నవ్వుతాడని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తూ ఉంటారు. నవ్వొచ్చు. బెదిరి ఏడవొచ్చు. అసలేమీ పట్టనట్టు ఆడుకోవచ్చు కూడా. మూడూ మామూలే. మొదటిరోజు కరెంటు కావాలనే తక్కువ పెడతారు, తర్వాత వారాల తరబడి మ్యాపింగ్‌లో, అంటే ప్రాసెసర్‌ని వాడి వినికిడికి తగ్గట్టు సరిచేసే సిట్టింగుల్లో, మెల్లగా పెంచుకుంటూ పోతారు. కాబట్టి ఆ రోజు తీసిన వీడియో చూసి ఎవరూ ఏమీ తేల్చొద్దు.

మామూలు చెవిలో శబ్దాన్ని పట్టి నరానికి అందించే పని లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలోని వేల రోమకణాలది. ఇంప్లాంట్ వాటిని దాటేసి ఎలక్ట్రోడ్లతో నేరుగా నరాన్ని తాకుతుంది. ఆ ఎలక్ట్రోడ్లు కంపెనీని బట్టి 12 నుంచి 22 వరకు ఉంటాయి. కాక్లియా మొదట్లో ఉన్నవి కీచు శబ్దాలకు, లోపలి చివర్న ఉన్నవి బొంగురు శబ్దాలకు. ఇంత తక్కువ సమాచారంతోనే మాట అర్థం చేసుకోవడం మెదడు నేర్చుకుంటుంది. నేర్చుకోవాలి అన్నదే ఇక్కడ అసలు విషయం. మెషీన్ శబ్దాన్ని లోపలికి పంపుతుంది, అంతే. ఆ శబ్దానికి అర్థం ఏర్పడేది మీ ఇంట్లో, మీ మాటల మధ్య.

వాడికి రెండేళ్లు నిండినా, వినికిడి వయసు స్విచాన్ రోజున సున్నా. వినగలిగే పిల్లలు కూడా దాదాపు ఏడాదిపాటు విన్నాకే మొదటి మాట పలుకుతారు. ఆ ఏడాది వీడికీ ఇవ్వాలి. చుట్టాలు వచ్చి "అత్త అను, మామ అను" అని వాణ్ని నిలబెట్టి అడుగుతుంటే నువ్వు మొహమాటపడకుండా ఆపు. అర్థం తెలియని మాట పదిసార్లు అనిపిస్తే వాడికి వచ్చేది విసుగే.

లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ప్రాసెసర్ తలమీదే ఉండాలి. పీకి పారేస్తాడు, తలకి అయస్కాంతంతో అంటుకునే కాయిల్ ఊడిపోతుంది, నువ్వు మళ్లీ పెడతావు. టోపీ, క్లిప్పు, హెడ్‌బ్యాండ్, ఏది కుదిరితే అది వాడు. వినడం, మాట్లాడడం నేర్పే థెరపీ వారానికి ఒక గంట, రెండు గంటలు. వాడు మెలకువగా ఉండే మిగతా గంటలన్నీ నీవి. ఇన్నేళ్లు ఈ పిల్లలతో పనిచేశాక గట్టిగా చెప్పగలను: రోజంతా పెట్టుకునే పిల్లలకీ, థెరపీకి వచ్చినప్పుడు మాత్రమే పెట్టుకునేవాళ్లకీ మధ్య తేడా గదిలోకి వచ్చిన కాసేపటికే కనిపిస్తుంది. అయితే, నిన్నటిదాకా బాగా పెట్టుకున్నవాడు ఇవాళ పదేపదే పీకేస్తుంటే అది మొండితనం అనుకోకు. శబ్దం ఎక్కువై ఇబ్బంది పెడుతుండొచ్చు, మ్యాపింగ్ చేసే ఆడియాలజిస్ట్‌కి చెప్పు.

పొద్దున ప్రాసెసర్ పెట్టగానే ఆరు శబ్దాలు వినిపించు: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. డేనియల్ లింగ్ అనే ఆయన పెట్టిన పరీక్ష ఇది. మాటల్లో వచ్చే బొంగురు శబ్దాల నుంచి కీచు శబ్దాల దాకా అన్నీ ఈ ఆరింటి పరిధిలోకి వస్తాయి. నీ పెదాలు వాడికి కనబడకుండా పక్కన కూర్చుని అను. చెయ్యి మాత్రం నోటికి అడ్డం పెట్టకు, శబ్దమే మారిపోతుంది. విన్నప్పుడల్లా ఒక బ్లాక్ డబ్బాలో వేయడం ఆటలా నేర్పు. నిన్న "స్" విన్నవాడు ఇవాళ వినకపోతే ముందు బ్యాటరీ, కేబుల్, మైక్ చూడు. అవి బాగానే ఉంటే మ్యాపింగ్‌కి ఫోన్ చెయ్యి.

ఇక మాటల సంగతి. దీని గురించే నీకు ఎక్కువ చెప్పాలని ఉంది. వినడంలో నాలుగు మెట్లున్నాయని, వినికిడి లోపం ఉన్నవాళ్లకి వినడం నేర్పడం గురించి రాసిన నార్మన్ ఎర్బర్ చెప్పాడు: శబ్దం ఉందని తెలియడం, రెండు శబ్దాలు వేరని తెలియడం, ఇది ఫలానా అని గుర్తుపట్టడం, అర్థం చేసుకోవడం. తలుపు చప్పుడైతే చెవి చూపించి "అదిగో, విన్నావా?" అని ఆగు, ఆ తర్వాత తలుపు దగ్గరికి తీసుకెళ్లు. మాటల్లో పొడుగు తేడా తొందరగా తెలుస్తుంది. "బంతి", "సీతాకోకచిలుక" బొమ్మలు రెండూ ముందు పెట్టి అడిగితే, అక్షరాలు పట్టుకోకపోయినా పొడుగును బట్టి సరైనది తీస్తాడు. ఆ తర్వాత "బల్ల", "బల్లి" లాంటివి, అచ్చు ఒక్కటే మారేవి. "మెట్టు", "నెట్టు" లాంటివి చాలా ఆలస్యంగా వస్తాయి, వాటికోసం ఇప్పుడే బెంగ వద్దు.

ముందు వినిపించు, తర్వాత చూపించు, మళ్లీ వినిపించు. చెప్పులు చేతిలోకి తీసుకోకముందే "బయటికెళ్దామా? చెప్పులేవి?" అని అడుగు. వెంటనే వేలు చూపించకు. మనసులో పదిదాకా లెక్కపెట్టు. ఆ నిశ్శబ్దం నీకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది కానీ, విన్నదాన్ని పోల్చుకోవడానికి వాడికి ఆ సమయం కావాలి. చాలామంది తల్లులు ధారాళంగా మాట్లాడతారు, ఆగడం మాత్రం కష్టపడి నేర్చుకోవాల్సి వస్తుంది. వాడు చూపు తిప్పినా, ఏదో కూత కూసినా అదే జవాబు అనుకుని మాట కలుపు.

అరవకు. అరిస్తే మాట వంకరపోతుంది. దగ్గరగా ఉండి, కాస్త రాగం పెట్టి మామూలుగా మాట్లాడు. దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పక్కన టీవీ మోగుతుంటే నీ మాటని ఆ రొదలోంచి విడదీయడం వాడికి చాలా కష్టం. ఎవరూ చూడనప్పుడు టీవీ కట్టేయండి.

స్నానం చేసేటప్పుడు ప్రాసెసర్ తీసేస్తారు కదా, అప్పుడు వాడికి ఏమీ వినబడదు. ఆ సమయంలో ముఖంతో, చేతులతో మాట్లాడు. సైగలు చేస్తే మాట రాదేమో అని భయపడి ఆ కాసేపూ వాణ్ని ఒంటరిని చేయకు.

ఆలస్యమైందేమో అని పోయినసారి ఫోన్‌లో ఏడ్చావు. అను శర్మ అనే పరిశోధకురాలి బృందం మెదడు స్పందనలు కొలిచి 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో చాలామందికి మెదడులోని వినికిడి మార్గం వయసుకు తగ్గట్టు ఎదగగలిగింది. ఏడేళ్లు దాటాక పెట్టినవాళ్లలో ఎక్కువమందికి అలా జరగలేదు. మనవాడు ఆ మొదటి గుంపులోనే ఉన్నాడు.

ఒక నోట్ పుస్తకం కొనుక్కో. ఏ శబ్దానికి తిరిగాడు, దేనికి తిరగలేదు, ఎంత దూరం నుంచి, ఆ పూట ఎన్ని గంటలు పెట్టుకున్నాడు, అన్నీ రాయి. మ్యాపింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ అది ఆడియాలజిస్ట్ చేతిలో పెట్టు. రెండేళ్ల పిల్లాడు తనకు ఎలా వినబడుతోందో చెప్పలేడు కాబట్టి వాళ్లు నీ రాతల మీదే ఆధారపడతారు. న్యుమోకాకల్ టీకా పూర్తయిందో లేదో కూడా ఈ వారమే డాక్టర్‌ని అడుగు. ఇంప్లాంట్ ఉన్న పిల్లలకి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ముప్పు కాస్త ఎక్కువ.

నీ పెద్దమ్మ