వైజాగ్‌లో మూడు రోజులు: ఐదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పుల అత్తగారు, మే నెల ఉక్కపోత

అడిగినది: హైదరాబాద్ నుంచి మే నెలలో వైజాగ్ వస్తున్నాం. శనివారం పొద్దున దిగి సోమవారం రాత్రి బండికి తిరుగు ప్రయాణం. మాతో ఐదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు ఉన్నారు. ఏవి చూడొచ్చు, ఏవి వదిలేయాలి?

జవాబు:

ఎంవీపీ కాలనీలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నామండి. సంక్రాంతికి ఒకసారి, ఎండాకాలం సెలవులకి ఇంకోసారి మా ఇల్లు సత్రమే. వచ్చినవాళ్ళందరినీ తిప్పీ తిప్పీ నాకు అర్థమైంది ఒకటే. మే నెలలో ఇక్కడ ఏం చూడాలో తేల్చేది మీరు కాదు, ఉక్కపోత. హైదరాబాద్‌లో నీడకి చేరితే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇక్కడ నీడలో నిలబడ్డా చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. పదింటికల్లా రూముకి చేరి, తిని పడుకుని, మళ్ళీ నాలుగు దాటాక బయటికి రండి. రోజుకి రెండు చోట్లు చాలు.

మీ తేదీల్లో చిన్న చిక్కుంది. సబ్‌మెరైన్ మ్యూజియానికీ జూకీ సోమవారం సెలవు. ఆదివారమైతే ఊరు ఊరంతా బీచ్ రోడ్డు మీదే ఉంటుంది. కాబట్టి సబ్‌మెరైన్ శనివారం సాయంత్రమే చూసేయండి.

దాని పేరు ఐఎన్‌ఎస్ కురుసుర. 1969లో మన నేవీలో చేరి, 2001లో రిటైరైంది. మరుసటి ఏడాది నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవు. పాపకి తప్పకుండా నచ్చుతుంది. అత్తయ్యగారి సంగతే ఆలోచించాలి. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే గుండ్రటి ఇనుప కంతలోంచి దూరాలి. తల వంచి, నడుం వంచి, ఒక కాలు అవతల పెట్టి, రెండోది ఎత్తి లాక్కోవాలి. మా అత్తగారు మొదటిది ఎలాగో దాటారు, రెండో దాని దగ్గర ఆగిపోయారు. వెనక్కి వెళదామంటే జనం. లోపల అన్నీ వివరించి చెప్పేది నేవీలో చేసి రిటైరైన వాళ్ళే. అందులో ఒకాయన వచ్చి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దాటించారు. ఆ కంగారులోనూ ఆవిడ వంటగది చూసి, "ఇది మన దేవుడి గూడంత లేదు, డెబ్బై మందికి ఇందులో ఎలా వండి పెట్టార్రా" అన్నారు. ఇప్పటికీ సబ్‌మెరైన్ మాటొస్తే మా ఇంట్లో టార్పెడోలు ఎవరికీ గుర్తురావు, ఆ వంటగదే. మీ అత్తయ్యగారు మాత్రం బయట గాలికి కూర్చుంటేనే మంచిది. రోడ్డుకి అవతల టీయూ-142 అని, నేవీ వాడి రిటైర్ చేసిన విమానం ఉంది. ఎంత పెద్దదంటే దాన్ని బయట నుంచి చూసినా చాలు.

జూ ఆదివారం పొద్దున, గేటు తెరిచే వేళకే వెళ్ళండి. ఎండ ముదిరితే పులి గానీ ఎలుగుబంటి గానీ నీడ వదిలి రాదు, పాప ఖాళీ ఎన్‌క్లోజర్లు చూసి ఏడుస్తుంది. కంబాలకొండ అడవిని ఆనుకుని 600 ఎకరాలకు పైనే ఉంటుంది కాబట్టి నడిచి తిరుగుదాం అనుకోవద్దు, బ్యాటరీ బండి ఎక్కండి.

ఆ సాయంత్రానికి కైలాసగిరి. పైదాకా కారు వెళ్తుంది. కొండ చుట్టూ తిరిగే టాయ్ ట్రైన్‌లో సముద్రం వైపు సీటు పట్టుకోండి. అత్తయ్యగారికి నడక లేకుండా ఊరంతా కనిపించేది అక్కడే. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని కెమెరాలు పట్టుకొచ్చే చుట్టాలు మాకు ఏటా ఉంటారు. ఇది తూర్పు తీరం కదండీ, సూర్యుడు దిగేది మన వీపు వెనక కొండల్లోకి. సముద్రంలోంచి పైకి రావడం చూడాలంటే ఐదింటికి లేచి బీచ్‌కి రండి. ఆ వేళ బీచ్ రోడ్డులో కొంత దూరం బళ్ళు కూడా రానివ్వరు, పాప హాయిగా పరిగెత్తొచ్చు.

ఒక్కటి గట్టిగా చెప్తాను. ఆర్కే బీచ్‌లో స్నానాలు వద్దు. చూడ్డానికి చిన్న అల, వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతుంది. మా అబ్బాయికి ఆరేళ్ళప్పుడు మడమ లోతు నీళ్ళలోనే చేయి వదిలాను. ఒక్క అలకి కూలబడి నాలుగు అడుగులు జారిపోయాడు. పక్కనే మురీ మిక్చర్ తింటున్న కుర్రాడు పొట్లం పడేసి పట్టుకున్నాడు. అప్పటి నుంచి పిల్లల్ని తీసుకెళ్తే చేయి కాదు, మణికట్టు పట్టుకుంటాను. నీళ్ళలో ఆడాలంటే రుషికొండలో లైఫ్‌గార్డులు ఉన్నచోట, అదీ పాదాలు తడిసేంత వరకే.

భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చాలా అందంగా ఉంటాయి కానీ అక్కడ గొడుగే నీడ. ఓపికుంటే తెల్లవారుజామునే వెళ్ళండి, పాపకి తెల్ల గౌను మాత్రం వేయకండి. మా మేనకోడలి గౌనుకి అంటిన ఎరుపు ఎన్ని ఉతుకులకీ వదల్లేదు.

అరకు, బొర్రా గుహలు ఈసారికి వదిలేయండి. రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు భలే ఉంటాయి గానీ, ఒక రోజు మొత్తం పోతుంది. గుహల్లో మెట్లు కూడా ఎక్కువ, పైగా తడి.

ఇక సోమవారం సింహాచలం. కొండ మీదికి బస్సు, కారు రెండూ వెళ్తాయి. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటారు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే. మీ సోమవారం ఆ రోజే పడిందేమో క్యాలెండర్ చూసుకోండి. పడితే మాత్రం ఆ రద్దీలోకి అత్తయ్యగారిని తీసుకెళ్ళొద్దు. మామూలు రోజైతే పొద్దున్నే దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తీసుకుని, ఎండ ఎక్కేలోపు కిందికి దిగేయొచ్చు. గుడి రాతినేల తొందరగా కాలుతుంది, పాపకి సాక్సులు పెట్టుకోండి.