ముసలి కుక్కకు వెన్ను ఆపరేషన్: ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: మా డాష్‌హండ్ కుక్కకు 11 ఏళ్లు. వారం క్రితం సోఫా మీద నుంచి దూకినప్పటి నుంచి వీపు వంచి నడుస్తోంది, ఎత్తుకోబోతే అరుస్తోంది. నాన్నగారు మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ మాత్రలో సగం రోజూ వేస్తున్నాం. మొన్న ఒక డాక్టర్ గారు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నిన్నటి నుంచి వెనక కాళ్లు తడబడుతున్నాయి, పడుకున్న చోటే మూత్రం చుక్కలుగా కారుతోంది. ఒకరు ఆపరేషన్ చేయించమంటున్నారు, ఇంకొకరు ఈ వయసులో వద్దంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం. డైక్లోఫెనాక్‌ను ఈ పూటే ఆపండి. దాని బదులు ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ వంటివి కూడా సొంతంగా వేయవద్దు. రాబందుల మరణాల కారణంగా 2006లో మన దేశంలో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించారన్నది చాలామందికి తెలుసు గానీ, అది కుక్క కడుపులో పుండ్లు పుట్టించి కిడ్నీలను దెబ్బతీస్తుందన్నది ఇళ్లలో అంతగా తెలియదు. దాని మీద స్టెరాయిడ్ కూడా పడితే పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంటుంది. ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టర్ గారికి ఈ మాత్రల సంగతి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పకపోతే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. తారులాంటి నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, చిగుళ్లు పాలిపోవడం, తిండి మానేయడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగవద్దు. మనిషి మాత్రను సగం చేసినంత మాత్రాన అది కుక్క మందు అయిపోదు.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీరు చివరలో యథాలాపంగా రాసిన మూత్రం సంగతి. దాన్ని ముసలితనం కింద జమకట్టకండి. వెన్నుపాము మీద ఒత్తిడి పెరిగినప్పుడు మూత్రాశయం ఖాళీ కాక నిండిపోయి, పొంగి, చుక్కలుగా కారుతుంది. డాష్‌హండ్ జాతిలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు గుజ్జు చిన్న వయసులోనే ఎండి సుద్దలా గట్టిపడి, ఒక్క గెంతుతో వెన్నుపాము మీదకు జారుతుంది. మీరు రాసిన లక్షణాలు దానికే దగ్గరగా ఉన్నాయి. అయితే కుక్కను చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను.

నొప్పి ఉన్నా కుక్క బాగానే నడుస్తుంటే, తగిన మందులతో కనీసం నాలుగు వారాలు కేజ్‌లో కదలకుండా ఉంచి చూడవచ్చు. కాళ్లు రోజురోజుకూ పట్టు తప్పుతున్నప్పుడు ఆ దారిలో కాలయాపన ప్రమాదకరం. వెనక కాలి వేలిని గట్టిగా నొక్కినప్పుడు కుక్క ఆ నొప్పిని గుర్తిస్తోందా లేదా అన్నదాన్ని బట్టి సర్జన్ చాలావరకు అంచనా వేస్తారు. ఆ స్పర్శ ఉండగా ఆపరేషన్ జరిగితే ఎక్కువ కుక్కలు తిరిగి నడుస్తాయి. అది పోయాక ఆ అవకాశం సుమారు సగానికి పడిపోతుంది. ఈ పరీక్షను మీరు ఇంట్లో చేయకండి.

డాష్‌హండ్‌కు 11 ఏళ్లు ఆపరేషన్‌ను తోసిపుచ్చేంత వయసేమీ కాదు. మత్తు తట్టుకుంటుందా అన్నది పుట్టిన తేదీని బట్టి కాక గుండె, కాలేయం, కిడ్నీలను బట్టి తేలుతుంది. కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష (మీరు వేసిన మాత్రల వల్ల ఇది మరీ ముఖ్యం), పిడుదుల (గోమార్ల) ద్వారా వచ్చే జ్వరాల వల్ల తగ్గే ప్లేట్‌లెట్లు, చిన్న జాతి ముసలి కుక్కల్లో తరచూ కనిపించే గుండె కవాటపు జబ్బు, ఈ మూడూ చూడకుండా ఎవరూ అవుననీ కాదనీ తేల్చకూడదు. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము కనబడదు. ముసలి కుక్క ఎక్స్‌రేలో పూసల అంచున పెరిగిన ఎముకను చూసి అదే కారణమనుకోవడం పొరపాటు కావచ్చు. ఎం.ఆర్.ఐ. లేదా సి.టి. అవసరం పడుతుంది.

మీకు గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల అందుబాటులో ఉంటుంది. స్కాన్, వెన్ను సర్జరీ సదుపాయాలు ప్రస్తుతం ఉన్నాయో లేదో ముందే ఫోన్‌లో కనుక్కోండి. అయితే ఆ ఏర్పాట్లు తేలే దాకా ఇంట్లో ఉంచకుండా, ఈరోజే దగ్గరలోని పశువైద్యుని చేత మూత్రాశయం ఖాళీ చేయించండి. కుక్కను చంకలో ఎత్తుకోకుండా గట్టి చెక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి. ఖర్చు వల్లనో, పరీక్షల ఫలితాల వల్లనో ఆపరేషన్ కుదరకపోతే అది తప్పేమీ కాదు. చక్రాల బండితో, రోజూ మూత్రం తీయించే ఓపికతో బతికే కుక్కలు ఉన్నాయి. ఆ నిర్ణయం పరీక్ష తర్వాత తీసుకోండి. వేసిన మాత్రల అట్టను కూడా వెంట తీసుకెళ్లి, ఎన్ని రోజులు ఎంత మోతాదు ఇచ్చారో డాక్టర్‌కు చెప్పండి.