పేజీ చినిగిపోయిందనుకున్న ఫైటు

"కామిక్స్‌లో మీకు ఎంత సర్దిచెప్పుకున్నా మింగుడుపడని ఫైటు ఏది?" అని కదా ప్రశ్న. నాకు ఆలోచించే పని లేదు: మార్వెల్ కంపెనీ హీరో వుల్వరిన్ చేతిలో డీసీ కంపెనీ లోబో ఓడిపోవడం.

అప్పుడు శ్రీకాకుళంలో ఇంటర్ చదువుతున్నాను. మా పెద్దమ్మ కొడుకు వైజాగ్‌లో పాత పుస్తకాల కొట్టు నుంచి 'మార్వెల్ వర్సెస్ డీసీ' తెచ్చాడు. రెండు కంపెనీలూ కలిసి 1996లో వేసినవి. నలుగురం కోడి రామ్మూర్తి స్టేడియం మెట్ల మీద కూర్చుని వంతులేసుకుని చదివాం. లోబో అంటే సూపర్‌మ్యాన్‌తో ఢీ అంటే ఢీ అనే రకం. వుల్వరిన్‌కి గోళ్లున్నాయి, గాయాలు ఇట్టే మానిపోతాయి, కాదనను. లోబోకీ మానిపోతాయి కదా! సరే, ఇద్దరూ బార్‌లో కొట్టుకుంటూ కౌంటర్ వెనక్కి పడతారు. పైకి లేచేది వుల్వరిన్ ఒక్కడే. వెనకాల ఏం జరిగిందో ఒక్క బొమ్మ లేదు.

నేను పేజీ చినిగిపోయిందనుకున్నాను. నిజంగా. పిన్నుల దగ్గర వేలు పెట్టి తడిమాను, ముందూ వెనకా తిప్పాను. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి "అన్నయ్యా, నీకు చిరిగిన పుస్తకం అంటగట్టాడు" అని చెప్పాను కూడా. పాపం వాడు మళ్లీ ఆ కొట్టుకెళ్లి గొడవపడ్డాడు.

చాలా ఏళ్లకి తెలిసింది, అందులో ఐదు ఫైట్ల ఫలితం పాఠకుల ఓట్లతో తేల్చారని. ఓట్లేసి సర్పంచిని ఎన్నుకోవచ్చు గానీ, కుస్తీలో గెలిచినోణ్ణి ఎన్నుకోవడం ఏటండీ? రచయితలకి ఫలితం ముందే చేతికొచ్చేసింది, దారి మాత్రం దొరకలేదు. అందుకే కౌంటర్ చాటున దాచేశారని నా అనుమానం. అదే పుస్తకంలో వండర్ వుమన్‌కి థోర్ సుత్తి చేతికొస్తుంది. పోటీ న్యాయంగా ఉండాలని పక్కన పడేసి, గాలివానల్నీ పిడుగుల్నీ ఆడించే స్టార్మ్ చేతిలో ఓడిపోతుంది. ఒళ్లు మండింది గానీ, పిడుగు పడటం కళ్లారా చూశాం, కాబట్టి అంత బాధ లేదు.

చాలామంది స్పైడర్‌మ్యాన్ ఫైర్‌లార్డ్‌ని కొట్టిన 1985 నాటి కథ చెబుతారు. ఫైర్‌లార్డ్ అంటే గ్రహాల్నే మింగేసే గెలాక్టస్‌కి దూతగా తిరిగినవాడు, వాడి చేతిలో ఉన్నది విశ్వశక్తి. మన సాలీడు కుర్రాడు ఊరంతా పరిగెత్తి, రకరకాల ఎత్తులేసి, ఏదీ పారక, చివరికి పిడిగుద్దులతోనే పడేస్తాడు. అంతసేపూ తగలని దెబ్బ అప్పుడెలా తగిలిందో? నాకూ నచ్చలేదు. కాకపోతే రచయిత పడేదాకా చూపించాడు, సగం మార్కులేస్తాను.

సూపర్‌మ్యాన్‌ని ముహమ్మద్ అలీ చితక్కొట్టిన 1978 కథకైతే నూటికి నూరు. వినడానికి అన్నిటికన్నా విడ్డూరం అదే. కానీ ఎర్ర సూర్యుడి వెలుగులో సూపర్‌మ్యాన్ బలం పోతుంది, అలీ పని బాక్సింగే. ఇక ఓడక ఏం చేస్తాడు!

నాకీ పట్టింపు మా తాత నుంచి వచ్చింది. ఆయనది వీరఘట్టం పక్క ఊరు, అంటే మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన గడ్డ. గుండెల మీద ఏనుగునెక్కించుకున్నాడని, ఒంటికి కట్టిన ఇనప గొలుసులు తెంపాడని చెప్పి ఊరుకునేవాడు కాదు. ప్రాణాయామంతో ఊపిరెలా బిగించేవాడో ఛాతీ పొంగించి చూపించేవాడు, దగ్గొచ్చేదాకా. బొబ్బిలి యుద్ధం చెప్పినా అంతే. 1757లో ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల ముందు కోట కూలింది, సరే. అంత సైన్యం కాపలా ఉండగా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి ఎలా దూరాడో అరగంట చెప్పేవాడు. ఆ ముక్క మింగేస్తే బుర్రకథ వాళ్లని ఊరు దాటనివ్వరని అనేవాడు.

ఓ సెలవుల్లో ఆ పుస్తకం పట్టుకెళ్లి హల్క్ బొమ్మ చూపించాను. కోపం పెరిగేకొద్దీ బలం పెరుగుతుందని చెప్పి, "మన రామ్మూర్తి గారు ఇతన్ని కొట్టగలరా?" అని అడిగాను. తాత కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"కోపమొత్తేనే బలమంతావు?"

"అవును తాతా."

"అయితే కుస్తీ దేనికిరా గుంటడా? ఆడికి ముందు ఓ సెంబుడు సోడి అంబలి పోసి, సెట్టు కింద కూకోబెడితే సరి."