సైకిలు కోసం పిల్లల పోట్లాట, మాటలు మానేసిన పెద్దలు

ప్రశ్న: మాది కావలి, ఉమ్మడి కుటుంబం. మా బాబుకు 5 ఏళ్లు, బావగారి అబ్బాయికి 4 ఏళ్లు. మూడు చక్రాల సైకిలు కోసం రోజూ కొట్టుకుంటారు. మావాడు కొరుకుతాడు కూడా. అత్తయ్య వాడిని రెండు దెబ్బలు వేసి క్షమాపణ చెప్పిస్తారు. మర్నాడు మళ్లీ అదే. మొన్న నెల్లూరు రొట్టెల పండుగలో మాత్రం ఇద్దరూ పోటీపడి రొట్టెలు పంచారు. ఈ గొడవలతో నెల రోజులుగా నాకూ మా తోడికోడలికీ మాటలు లేవు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ బాబు కొరకడాన్ని దుర్మార్గంగా చూడకండి. ఉద్రేకాన్ని అదుపు చేసే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్ల వయసు వస్తుంది కాబట్టి, వాడిని ఆపే పని ఇప్పటికి పక్కనున్న పెద్దలదే. చెయ్యి లేచిన క్షణంలోనే మెత్తగా పట్టుకొని, వాడి ఎత్తుకు వంగి, "నీకు సైకిలు కావాలి, తమ్ముడు దిగలేదు, కోపం వచ్చింది, కానీ కొట్టనివ్వను" అని చెప్పండి. "నా వంతు ఎప్పుడు?" అని అడగడం మాత్రం ఏడుపు మధ్యలో నేర్పితే తలకెక్కదు, అన్నం తిని స్థిమితంగా ఉన్నప్పుడు ఇద్దరి చేతా ఆటలా ఆడించాలి. ఆ వయసుకు పది నిమిషాలంటే ఎంతో తెలియదు కనుక, వాకిట్లో మూడు చుట్లు తిరిగాక దిగాలని చెప్పి, చుట్లు వాళ్లచేతనే లెక్కపెట్టించండి. రొట్టెల పండుగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర ఒక కోరిక కోరుకొని రొట్టె అందుకున్నవారు, ఆ కోరిక తీరాక మరో ఏడాది వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. అందుకున్నది మళ్లీ అందించడం మీ పిల్లలు కళ్లారా చూశారు, ఆ పండుగనే గుర్తుచేయండి.

కొట్టకూడదని కొట్టి చెబితే, బలమున్నవారు కొట్టవచ్చన్నదే పిల్లవాడికి మిగులుతుంది. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. బడిలో తగనిది ఇంట్లో మాత్రం ఎలా తగుతుంది? ఈ మాట అత్తయ్యగారికి మీకన్నా మీవారు నెమ్మదిగా చెబితే ఆమె నొచ్చుకోరు. బలవంతపు క్షమాపణకు బదులు, కొరికిన చోట తడిగుడ్డ అద్దడం వాడికి అప్పగించండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీ నెల రోజుల మౌనం. సైకిలు గొడవను ఆ పిల్లలు గంటలో మరిచిపోయి ఉంటారు, కానీ అమ్మా పెద్దమ్మా ఒకే వంటింట్లో ముఖాలు తిప్పుకోవడం రోజూ చూస్తున్నారు. పెద్దరికం ఎవరిదన్న లెక్క పక్కన పెట్టి, ఈ సాయంత్రం పిల్లలు వింటుండగానే, "అక్కా, ఆ రోజు నేను తొందరపడ్డాను, రండి, కాఫీ తాగుదాం" అని మీరే పిలవండి.