4,500 అన్న రూట్ కెనాల్ 20,200 అయింది, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ఏలూరు. 2024 మార్చిలో కింది కుడి దవడ పన్ను నొప్పి భరించలేక ఒక డెంటల్ క్లినిక్‌కి వెళ్లాను. రూట్ కెనాల్‌కి 4,500 అన్నారు. ఐదు సిట్టింగులయ్యేసరికి 20,200 కట్టించుకున్నారు. ఏప్రిల్ 18న, నేనే ఎంచుకున్న తెల్ల క్యాప్ పెట్టి చివరి డబ్బు తీసుకున్నారు. అడిగితే నోటిమాటగా లెక్క చెప్పారు: ఎక్స్‌రేలు 1,200, పంటి వేరులో నాలుగో కాలువ 2,000, పోస్టు (క్యాప్ నిలవడానికి పంటిలో దించే చిన్న కడ్డీ) 3,000, క్యాప్ 9,500. బిల్లులో మాత్రం 'డెంటల్ ట్రీట్‌మెంట్ 20,200' అని ఒకే లైను. పాప స్కూలు ఫీజుకి దాచిన డబ్బు అది. 'పన్నుకి ఇరవై వేలా' అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతున్నారు. రెండు నెలలకే నొప్పి మళ్లీ మొదలైంది. మాత్రలతో నెట్టుకొచ్చాను. 2025 నవంబరులో వేరే డాక్టరు ఎక్స్‌రే తీసి, కాలువలో ఫైలు (కాలువ శుభ్రం చేసే సన్నటి సూది) ముక్క విరిగి ఉండిపోయిందని, మళ్లీ చేయాలంటే 14,000 అవుతుందని అన్నారు. మొదట్లో ఏదో ఫారం మీద సంతకం పెట్టాను. ఇంగ్లీషులో ఉంది, చదవలేదు. వైద్యానికి ముందు రిసెప్షన్ అమ్మాయి 'ఆర్‌సీటీ 4500, క్యాప్ సెపరేట్' అని వాట్సాప్ చేసింది (ఆర్‌సీటీ అంటే రూట్ కెనాల్). ఆ ఫోన్ దసరా ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాను, స్క్రీన్‌షాట్ ఉంది. ఆసుపత్రిలో పనిచేసే మా బావ ఒకరోజు అడ్మిషన్ చూపించి ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం అంటున్నాడు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో కేసుకి పనికొచ్చేది ఒక వాట్సాప్ మెసేజ్, ఒక తేదీ. మిగతాది వినియోగదారుల కమిషన్ ముందు చదివినా ఎవరూ రాసుకోరు.

ముందు మెసేజ్ సంగతి. 'క్యాప్ సెపరేట్' అని వాళ్లు రాశారు, మీరు చదివారు, తర్వాత తెల్ల క్యాప్ మీరే ఎంచుకున్నారు. కాబట్టి ఆ 9,500 మీద ఆశ వదులుకోండి. ధర ముందే చెప్పలేదని వాదించవచ్చు గానీ, మెటల్, సిరామిక్, జిర్కోనియా చూపించి ఖరీదైనది మీరే కోరారని వాళ్లంటే మీ దగ్గర జవాబు లేదు. 4,500 మాట నిలబెట్టుకున్నారు. అంటే మీ తగాదా 20,200 గురించి కాదమ్మా, 6,200 గురించి: ఎక్స్‌రేలు, నాలుగో కాలువ, పోస్టు. ఆ మెసేజ్‌లో ఈ మూడింటి ఊసు లేదు. కింది దవడ పన్నుకి మూడో నాలుగో కాలువలుంటాయి, నాలుగోది తెరిచాకే కనబడి ఉండొచ్చు. తప్పు కాదు. కానీ కనబడగానే 'ఇంత అదనం అవుతుంది, చేయమంటారా' అని అడగాలి. అడిగినట్టు కాగితం చూపించాల్సిన పరిస్థితి వాళ్లకి రావాలంటే, 4,500 అన్నట్టు ముందు మీరు చూపించాలి.

అలాంటి మెసేజ్ ఉన్న ఫోన్‌ని ఎక్స్‌ఛేంజ్‌లో పడేశారు! డబ్బు గొడవ నడుస్తుండగా ఎవరైనా చేసే పనేనా ఇది? వెంటనే పాత నంబరు వాట్సాప్ బ్యాకప్ కొత్త ఫోన్‌లోకి వచ్చిందో లేదో చూడండి. మీవారికి గాని, అక్కాచెల్లెళ్లకి గాని ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసి ఉంటే వాళ్ల ఫోన్లో కూడా వెతకండి. దొరికితే ఆ ఫోన్‌ని రీసెట్ చేయకుండా ఉంచి, భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో ప్రింటు దాఖలు చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం నియమాలను సివిల్ కోర్టులంత బిగించి పట్టుకోవు. అయినా ఉత్త స్క్రీన్‌షాట్‌ని 'ఇది తయారు చేసింది' అని అవతలి లాయరు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. ఐదుసార్లూ ఫోన్ నుంచే కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. 4,500 దాటాక ఏ రోజు ఎంత వసూలు చేశారో అదే చెబుతుంది.

ఇక తేదీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. అదనపు వసూలు విషయంలో మీ గడియారం 2024 ఏప్రిల్ 18న మొదలైంది. 2026 ఏప్రిల్ 17 లోపు ఫిర్యాదు దాఖలై ఉండాలి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ మన్నించే వీలుంది గానీ 'ఇంట్లో టెన్షన్లు' అనేది తగిన కారణం కాదు. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు: లాయరు నోటీసు ఇచ్చాం కాబట్టి గడువు ఆగిందనుకుంటారు. ఆగదు. వాళ్లు 'మాట్లాడుకుందాం రండి' అని ఆరు నెలలు తిప్పినా ఆగదు.

ఫైలు ముక్క సంగతి 2025 నవంబరులోనే తెలిసింది కాబట్టి దాని గడువు అప్పటినుంచే లెక్కించాలని వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద పడుకోవద్దు. 1993లో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న గోవా నర్సు ఒకావిడ కడుపులో గాజ్ (ఆపరేషన్‌లో రక్తం అద్దే పలచటి గుడ్డ) ఉండిపోయింది. తొమ్మిదేళ్లు నొప్పి మాత్రలతో గడిపి, బయటపడ్డాక కేసు వేసింది. నొప్పి ఉన్నప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండాల్సిందని, గడువు దాటిపోయిందని 2010లో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. మీరూ రెండు నెలలకే నొప్పి వచ్చిందని రాశారు, మాత్రలతో నెట్టుకొచ్చానని కూడా రాశారు. రెండు విషయాలకీ కలిపి ఏప్రిల్ 17 లోపే ఒకే ఫిర్యాదు వేసేయండి.

ఫైలు విరగడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు. సన్నటి కాలువల్లో మంచి డాక్టరు చేతిలోనూ విరుగుతుంది. విరిగిన సంగతి మీకు చెప్పకుండా పైన క్యాప్ బిగించడం లోపం. మీరు చదవకుండా సంతకం పెట్టిన ఫారంలో 'ఫైలు విరగవచ్చు' అని ఉండే ఉంటుంది. అదేమీ పెద్ద దెబ్బ కాదు. విరగవచ్చని ముందు ఒప్పుకోవడం వేరు, విరిగాక దాచిపెట్టడం వేరు.

అందుకే, ఆ పన్ను ఇప్పుడే మళ్లీ చేయించుకోకండి. ముక్క తీసేస్తే మీ సాక్ష్యం కూడా పోతుంది. నొప్పి భరించలేనిదైతే తప్ప ముందు విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లండి. ఎక్స్‌రే తీయించి, ముక్క ఎక్కడుంది, కాలువలు ఎంతవరకు నింపారు అన్నది సంతకంతో రాయించుకోండి. మళ్లీ చేయించుకోవడానికి కూడా అక్కడ ప్రైవేటులో అయినంత కాదు. కాకపోతే ఓపిక, నాలుగైదు రానుపోను ప్రయాణాలు కావాలి. ముక్క బయటికి తీస్తే సీసాలో పెట్టి ఇమ్మని అడగండి.

మీ బావ సలహా గురించి గట్టిగా చెబుతున్నాను: వద్దు. మామూలు ఆరోగ్య పాలసీల్లో రూట్ కెనాల్‌కి డబ్బు రాదు. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితేనే దంత వైద్యం లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆయన చూపించబోయేది అడ్మిషన్ ఒక్కటే కాదు, జరగని ప్రమాదాన్ని కూడా. అది మోసం, దొంగ పత్రం సృష్టించడం. పాలసీ రద్దవుతుంది, క్రిమినల్ కేసు మీ మీదా ఆయన మీదా పడుతుంది. పైగా అదే పన్ను గురించి కమిషన్‌లో ఒక కథ, ఇన్సూరెన్స్‌లో ఇంకో కథ ఉంటే అసలు కేసు అక్కడితో సరి. 'పోలీసు కేసు పెడతాం' అని డాక్టరుని బెదిరించి డబ్బు రాబట్టే ఆలోచన ఉంటే అదీ మానుకోండి.

ఈ వారం చేయాల్సింది: క్లినిక్‌కి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. ఎక్స్‌రేలు, కేస్ షీటు, మీరు సంతకం పెట్టిన ఫారం నకలు, 20,200కి విడివిడి లెక్క అడగండి. పదిహేను రోజులు చూడండి, అంతకు మించి ఆగకండి. ఫిర్యాదు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. అదనంగా తీసుకున్న 6,200, మళ్లీ వైద్యానికి అయ్యే ఖర్చు, సమంజసమైన పరిహారం అడగండి. పది లక్షలు అడిగి నవ్వులపాలు కావద్దు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి రాజీకి ప్రయత్నించవచ్చు, అయితే అది కూడా గడువుని ఆపదు.

ఈసారి ఎక్కడ చేయించుకున్నా, నోరు తెరిచే ముందే అంచనా లెటర్‌హెడ్ మీద రాయించండి. ఏ పన్ను, ఎన్ని కాలువలు, ఎక్స్‌రేలు అందులోనేనా, పోస్టు అవసరమైతే ఎంత, క్యాప్ ఏ రకం, ఎంత, ఏడాదిలోపు విఫలమైతే మళ్లీ ఎవరి ఖర్చు. తేదీ వేయించి, వాళ్ల సంతకం తీసుకోండి. ఫోటో మీవారి ఫోన్‌కి కూడా పంపండి.