నాచులో ఉన్నదల్లా నాచు తినేది కాదు

చిరంజీవి లలితకు,

పెదనాన్న ఆశీస్సులు. నాచును తినే పురుగుల మీద ప్రాజెక్టు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. నత్తనీ మిడతనీ చీడ అనేవాళ్లే గానీ, గోడ మీది నాచుతో వాటికేం పనో చూద్దామనుకునేవాళ్లు తక్కువ.

ముందు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో. నాచులో కనబడిన ప్రతి జీవీ దాన్ని తినదు. చాలావాటికి అక్కడ కావలసింది తడి, నీడ. స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న గెంతే జీవులు ఎక్కువగా బూజు తింటాయి. రోకలిబండ కుళ్లిన ఆకుల కోసం వస్తుంది. కాబట్టి ‘తింటోంది’ అని రాసే ముందు రుజువు చేతిలో ఉండాలి.

చోటు కోసం అనంతగిరి దాకా పోనక్కర్లేదు. కంబాలకొండలో అయితే అటవీశాఖ అనుమతి లేనిదే చిటికెడు నాచు కూడా తియ్యకు. సింహాచలం మెట్ల మీద చూడు, గీకవద్దు. మీ ఇంటి వెనక ప్రహరీ, ట్యాంకు నీళ్లు కారే మూల చాలు. మన విశాఖలో జూన్ నుంచి అక్టోబరు దాకా నీకు మంచి సీజను.

వాన వెలిసిన రాత్రి టార్చి, పది రెట్ల చేతిలెన్సు తీసుకుని వెళ్లు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకు, తేళ్లుంటాయి. ఇంటర్‌లో గీసిన ఫ్యునేరియా అనే నాచు బొమ్మ గుర్తుందిగా, సన్నని కాడ, కొసన గుళిక. ముందు ఆ గుళికలే చూడు. నాచు ఆకులో నత్రజని తక్కువ, కణకవచం గట్టిది, పైగా పురుగులకు రుచించని ఫినాలిక్ పదార్థాలుంటాయి. అందుకే దాని జోలికి వచ్చేవి కొన్నే. గుళికలో సిద్ధబీజాలు, అంటే నాచు విత్తనాల్లా వెదజల్లే పొడి, మాత్రం పోషకాలున్న తిండి. గుల్ల లేని నత్తలు గుళికను కొరికి, కాడను వదిలేయడం కద్దు. మొండి కాడలు కనబడితే ఫొటో తీసి, ఆ పక్కన జిగురు చార ఉందేమో చూడు. నత్తల్ని ఒట్టి చేత్తో ముట్టుకోకు. కొన్నిటిలో మెదడుకు హాని చేసే పరాన్నజీవి ఉంటుంది.

పగలు వెతికితే తడి గోడ దగ్గర పొట్టి మిడత దొరకవచ్చు. గోధుమ రంగు, వీపు మీది డాలు పొట్టను కప్పుతూ వెనక్కి సాగి ఉంటుంది. దాన్ని ఒక డబ్బాలో కడిగిన నాచుతో ఉంచు. పురుగు లేకుండా అదే నాచు వేసిన ఇంకో డబ్బా పక్కన పెట్టు. ఇది మానెయ్యకు, లేకపోతే ఎండి రాలిన ఆకుని తిన్నదని లెక్కేస్తావు. మర్నాడు రెట్టని నీటి చుక్కలో విడదీసి మైక్రోస్కోపు కింద పెట్టు. గళ్లు గళ్లుగా, ఒకే కణం మందాన ఉన్న ఆకుపచ్చ ముక్కలు కనబడితే నాచు తిన్నట్టే. రంగు ఒక్కటే చాలదు, పచ్చని పాచిలాంటి శైవలాలు తిన్నా రెట్ట పచ్చగానే ఉంటుంది.

ఎండిన నాచును కూడా వదలకు. రూపాయి బిళ్లంత ముక్క రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, పిండి, అడుగున తేరినది చూడు. ఎనిమిది కాళ్లతో మెల్లగా పాకే టార్డిగ్రేడ్ అనే అతి చిన్న జీవి దొరకవచ్చు. వాటిలో కొన్ని నాచు కణానికి సూదిలాంటి నోటితో కన్నం పెట్టి రసం పీలుస్తాయి, కొన్ని పక్కనున్న నెమటోడ్లనే సన్నని నులిపురుగుల్నీ రోటిఫర్లనే నీటి సూక్ష్మజీవుల్నీ తింటాయి. ఏ రకమో తేలకుండా జాబితాలో రాయకు.

పుస్తకాల్లో పిల్ బీటిల్స్ అనే పెంకు పురుగులు, మంచు మీద తిరిగే బోరియస్ పురుగులు, చిలీ, న్యూజిలాండ్ ప్రాంతాల పెలోరిడియిడ్ నల్లులు, నాచు మేసే చిన్న జంతువులైన పైకా, లెమింగ్‌ల గురించి చదువుతావు. చదువు, కానీ అవేవీ మీ ప్రహరీ మీద దొరకలేదని టెన్షన్ పడకు. అవి ఎక్కువగా చలి ప్రాంతాలవి.

ప్రతి డబ్బా మీదా తేదీ, గోడ దిక్కు, ఆ వేళ తడి ఉందో లేదో పెన్సిల్‌తో రాయి, ఇంకు నీళ్లకి కరుగుతుంది. పని అయ్యాక మిడతల్ని తెచ్చిన చోటే వదిలెయ్యి. రెట్టల ఫొటోలు నాకు వాట్సాప్‌లో పంపు, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న